బెల్ట్రాన్ లోపలికి, బాండ్స్ బయటికి: హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్ ఇదేం పద్ధతి?

బే_ఏరియా_బాబ్జీ
2026 జనవరిలో ఫలితాలు వచ్చినప్పటి నుంచి కడుపు మండుతోంది. ఇంట్లో ఎవరూ వినట్లేదు, అందుకని ఇక్కడ కక్కేస్తున్నా.

కార్లోస్ బెల్ట్రాన్ 84.2 శాతం ఓట్లతో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళిపోయాడు. 2017 హ్యూస్టన్ ఆస్ట్రోస్ టీమ్, ఏ బంతి వెయ్యాలో అవతలి క్యాచర్ తన పిచర్‌కి చేసే సైగలు కెమెరాతో చూసి, చెత్తడబ్బా మీద బాది తమ బ్యాటర్‌కి చెప్పిన భాగోతం గుర్తుందిగా? 2020 జనవరిలో కమిషనర్ ఇచ్చిన రిపోర్టు ఆ పథకం వెనక పేరు పెట్టి చూపించిన ఆటగాడు ఈయనొక్కడే. ఆ దెబ్బకి మెట్స్ మేనేజర్ ఉద్యోగం ఒక్క మ్యాచ్ అయినా నడపకముందే ఊడింది. అయినా నాలుగో ఏడాదికల్లా ఓట్లేసే బేస్‌బాల్ రైటర్లు క్షమించేశారు.

మరి బ్యారీ బాండ్స్? 762 హోమ్ రన్లు, ఏడు ఎంవీపీలు (ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు). పదేళ్ళు బ్యాలెట్ మీద నానబెట్టి 2022లో 66 శాతం దగ్గర వదిలేశారు. పోనీ కమిటీ దారి ఉంది కదా అనుకుంటే, మొన్న 2025 డిసెంబర్‌లో 16 మంది కమిటీలో కనీసం ఐదు ఓట్లు కూడా పడలేదు. అదే కమిటీ అదే రోజు జెఫ్ కెంట్‌ని 14 ఓట్లతో లోపలికి తీసుకుంది. కెంట్! 2002లో శాన్ డియెగో డగౌట్‌లో బాండ్స్‌తో కలబడిన కెంట్! 2000లో బాండ్స్ బేస్ మీద నిలబడి ఉంటే వెనకాల వచ్చి పరుగులు పిండుకుని ఎంవీపీ అయిన కెంట్!

నిజాయితీ చూస్తామంటే అందరికీ చూడండి. ఆట చూస్తామంటే అందరికీ ఆటే చూడండి. నేను అడిగేది ఇంతే.

ఎడిసన్_శీను
బాండ్స్ మందు కొట్టాడు, అదే స్టెరాయిడ్స్. బెల్ట్రాన్ కొట్టలేదు. థ్రెడ్ క్లోజ్.

ఒహాయో_రాజు
మందు కొట్టినవాళ్ళని తీసేస్తే, తాగుడుకి పేరుపడ్డ పాతకాలం స్టార్ బేబ్ రూత్ కూడా మిగలడు శీనూ 😄

కొత్తగా_వచ్చా
నేను వచ్చి కొద్ది నెలలే, మా టీమ్‌లో అందరూ దీని గురించే కొట్టుకుంటున్నారు. అసలు ఎవరు ఓటేస్తారు, ఎలా వేస్తారు? ఎవరైనా కాస్త విడమర్చి చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు
కొత్తగా_వచ్చా గారికి: బేస్‌బాల్ రైటర్ల సంఘంలో కనీసం పదేళ్ళుగా ఉన్నవాళ్ళకి ఓటు. ఆటగాడు కనీసం పది సీజన్లు ఆడి ఉండాలి, రిటైరై ఐదేళ్ళు గడవాలి. ఒక్కో రైటర్ గరిష్ఠంగా పది పేర్లకి టిక్ పెట్టొచ్చు. 75 శాతం వస్తే లోపలికి, 5 శాతం కన్నా తగ్గితే బ్యాలెట్ నుంచి అవుట్. మధ్యలో ఉన్నవాళ్ళు పదేళ్ళ దాకా మళ్ళీ మళ్ళీ పోటీలో ఉంటారు. ఇదివరకు పదిహేనేళ్ళు ఉండేది, 2014లో పదికి కుదించారు. అక్కడ రాలేదంటే 16 మంది కమిటీ. అందులో 12 ఓట్లు కావాలి, ఒక్కొక్కరూ మూడు పేర్లకే వెయ్యగలరు.

బాబ్జీ చెప్పని ఇంకో సంగతి: కమిటీలో ఐదు ఓట్లు కూడా రాకపోతే తర్వాతి విడతకి పేరే ఉండదని కొత్త రూలు. అంటే 2028లో బాండ్స్ పేరు కనపడదు. 2031 దాకా ఆగాలి. అప్పుడూ ఐదు రాకపోతే ఇక శాశ్వతంగా తలుపు మూసినట్టే.

కొత్తగా_వచ్చా
ఐదేళ్ళు వెయిటింగ్, తర్వాత పదేళ్ళు లైను, ఆ తర్వాత కమిటీ... మన గ్రీన్ కార్డ్ కన్నా నయమే.

ఎడిసన్_శీను
ఇక్కడ కనీసం 5 శాతం రాకపోతే మొదటి ఏడాదే పంపించేస్తారు, ఆశ పెట్టి చంపరు.

హ్యూస్టన్_హరి
చెత్తడబ్బా మాట ఎత్తారు కాబట్టి వచ్చా. ఎక్కడికి వెళ్ళినా ఇదే గోల మాకు.

బాబ్జీ అన్నా, రెండూ ఒకటి కావు. సైగలు దొంగిలించింది టీమంతా కలిసి. మేనేజర్ని, జనరల్ మేనేజర్ని ఏడాది సస్పెండ్ చేశారు, టీమ్‌కి 50 లక్షల డాలర్ల ఫైన్ వేశారు. నిజం చెప్పడానికి ఆటగాళ్ళకి మాఫీ ఇచ్చారు. బెల్ట్రాన్‌కి అది ఇరవయ్యో సీజన్, ఆఖరిది. ఆయన 435 హోమ్ రన్లలో, 312 స్టీల్స్‌లో (పిచర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) ఆ ఒక్క ఏడాదివి ఎన్నని? అది తీసేసి చూసినా హాల్‌లో ఉండాల్సిన మనిషే. అయినా ఊరికే వదల్లేదు. ఆ మచ్చ లేకపోతే 2023లో మొదటిసారే వెళ్ళేవాడు, 46.5 దగ్గర ఆపేశారు. మూడేళ్ళు ఆగడమే శిక్ష.

బే_ఏరియా_బాబ్జీ
హరీ, నీ లాజిక్కే బాండ్స్‌కి పెట్టి చూడు. 1998 అయ్యేసరికి అతనికి 411 హోమ్ రన్లు, 400 పైన స్టీల్స్, మూడు ఎంవీపీలు. స్టెరాయిడ్స్ మొదలెట్టాడని అందరూ చెప్పేది ఆ తర్వాతే. ఆ 1998 సాయంత్రమే గ్లవ్స్ విప్పేసి ఇంటికెళ్ళిపోయి ఉంటే మొదటి ఏడాదే 90 శాతం పైన. "ఆ భాగం తీసేసి చూసినా" అనే మినహాయింపు ఒకడికుంటుంది, ఇంకొకడికుండదా?

పైగా స్టెరాయిడ్స్ విషయంలో బాండ్స్‌ని లీగ్ ఏ రోజూ సస్పెండ్ చెయ్యలేదు. కోర్టులో పడిన ఒక్క శిక్ష కూడా 2015లో అప్పీల్‌లో కొట్టేశారు.

ఎడిసన్_శీను
సస్పెండ్ అయినవాడి సంగతి కూడా చూడు మరి. మా ఏ-రాడ్ (అలెక్స్ రోడ్రిగెజ్) 696 హోమ్ రన్లు కొట్టాడు, మందుల కేసులో 2014 సీజన్ మొత్తం బయట కూర్చోబెట్టారు. ఇప్పుడు 40 శాతం చుట్టూ తిరుగుతున్నాడు. మానీ రామిరెజ్ మందు టెస్టుల్లో రెండుసార్లు దొరికాడు, ఈ జనవరితో పదేళ్ళూ అయిపోయి బ్యాలెట్ దిగిపోయాడు. యాంకీస్ అభిమానిగా చెప్తున్నా, ఏ-రాడ్‌కి నేనైతే వెయ్యను. మనవాడైనా సరే.

ఒహాయో_రాజు
నీకు ఓటు లేదు కాబట్టి బతికిపోయాడు.

అట్లాంటా_అక్క
అందరూ బెల్ట్రాన్, బాండ్స్ అని కొట్టుకుంటున్నారు, మా ఆండ్రూ జోన్స్ కూడా వెళ్ళాడని ఒక్కరైనా అన్నారా? 78.4 శాతం, తొమ్మిదో ఏడాది!

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఆయన పాత క్యాసెట్లు పెట్టి బలవంతంగా చూపించేవారు. 1996 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, యాంకీ స్టేడియం, కురసావ్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు మొదటి రెండు సార్లూ హోమ్ రనే. శీను గారికి గుర్తు చేస్తున్నా, మరేం లేదు 🙂 సెంటర్ ఫీల్డ్‌లో వరసగా పది గోల్డ్ గ్లవ్స్, అంటే ఫీల్డింగ్ అవార్డులు.

నాకు అర్థం కానిది ఒకటే. 2018లో ఇదే మనిషికి 7.3 శాతం. అప్పటికీ ఇప్పటికీ మధ్య ఒక్క బంతి కూడా పట్టలేదు కదా, ఏం మారింది?

లెక్కల_మాస్టారు
ఆయన మారలేదక్కా, ఓటర్లు మారారు. రిపోర్టింగ్ మానేసి పదేళ్ళు దాటినవాళ్ళకి 2015లో ఓటు తీసేశారు. 2015లో 549 బ్యాలెట్లు, 2016కి 440. ఆ పోయినవాళ్ళలో ఎక్కువమంది బ్యాటింగ్ యావరేజ్, హోమ్ రన్లు, పిచర్ అయితే విజయాలు, అంతే చూసే తరం. ఇప్పుడున్నవాళ్ళలో వార్ (WAR, ఆటగాడి మొత్తం విలువని ఒకే అంకెలో చెప్పే కొలత) లెక్కలు చూసేవాళ్ళు ఎక్కువ. ఫీల్డింగ్‌తో ఎన్ని పరుగులు ఆపాడో కూడా అందులో కలుస్తుంది. జోన్స్ లాభపడింది అక్కడే.

రెండోది బ్యాలెట్ ట్రాకర్. రైటర్లు ముందే బయటపెట్టిన ఓట్లు కూడి రోజూ ఆన్‌లైన్‌లో చూపిస్తారు. ఎవడు 75కి దగ్గర్లో ఉన్నాడో తెలిసిపోతుంది, ప్రచారం ఊపందుకుంటుంది. లారీ వాకర్ 2014లో 10.2 శాతం, 2020లో ఆఖరి అవకాశంలో 76.6. స్కాట్ రోలెన్ 10.2తో మొదలై 76.3తో వెళ్ళాడు. బిల్లీ వాగ్నర్ 10.5 నుంచి 2024లో ఐదు ఓట్లు తక్కువై ఆగి, 2025లో పదో ఏడు గట్టెక్కాడు.

సియాటిల్_చినుకు
ఎడ్గర్ మార్టినెజ్‌ని మర్చిపోతారేంటి మాస్టారూ! 2019, పదో ఏడు, 85.4. ఫీల్డింగ్ చెయ్యడు, ఒట్టి బ్యాటింగే అని తొమ్మిదేళ్ళు ముక్కారు.

ఉప్పల్_స్టాండ్
నేను హైదరాబాద్ నుంచి. బేస్‌బాల్ నాకు అంతంత మాత్రం, మా అల్లుడు ఈ థ్రెడ్ పంపాడు. మన క్రికెట్లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, ఏటా పేర్లు ప్రకటిస్తారు, పేపర్లో చిన్న వార్త, అయిపోయింది. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో కూడా తెలియదు. మీరేమో 0.2 శాతం కోసం ప్రాణాలిచ్చేలా ఉన్నారు.

ఎడిసన్_శీను
0.2 శాతం కాదు సార్, ఒక్క ఓటు! డెరెక్ జీటర్‌కి 2020లో 397కి 396. ఆ ఒక్కడెవడో ఇప్పటికీ తెలీదు. ముందు ఏడాదే మరియానో రివేరాకి 425కి 425, చరిత్రలో మొదటిసారి, ఇప్పటికీ అదొక్కటే. జీటర్‌కి ఎందుకు వెయ్యలేదో ఆ మహానుభావుడు కనీసం రెండు ముక్కలు రాస్తే ఏం పోయేది?

సియాటిల్_చినుకు
మా ఇచిరోకి కూడా 394కి 393. ఆయనైతే ప్రెస్ మీట్‌లో నవ్వుతూ, ఆ ఓటెయ్యని రైటర్ని ఇంటికి పిలిచి కలిసి మందు తాగుతూ మాట్లాడాలని ఉందన్నాడు. శీనూ, నేర్చుకో.

ఎడిసన్_శీను
నేను పిలిస్తే వచ్చినవాడు తిరిగి వెళ్ళడు.

లెక్కల_మాస్టారు
విల్లీ మేస్‌కి 1979లో 94.7 శాతమే. హాంక్ ఆరన్‌కి తొమ్మిది మంది వెయ్యలేదు. జో డిమాజియో మొదటిసారి వెళ్ళనే లేదు. సై యంగ్, ఆయన పేరు మీదే పిచర్లకి అవార్డు ఇస్తారు, 1936లో రాలేదు, 1937లో 76.1తో గీత దాటాడు. రూత్‌కే 95.1. వీళ్ళందరి తర్వాత జీటర్‌కి ఒక్క ఓటు తగ్గితే ఏడవక్కర్లేదు.

ఓట్లన్నీ బహిరంగం చెయ్యాలని రైటర్ల సంఘం 2016లో భారీ మెజారిటీతో తీర్మానించింది. హాల్ వాళ్ళే ఒప్పుకోలేదు. శీను కోపం అటు తిప్పాలి.

హ్యూస్టన్_హరి
నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఖాళీ బ్యాలెట్లు. పది పేర్లకి వేసే హక్కుంటే ఒక్కడికీ వెయ్యకుండా సంతకం పెట్టి పంపిస్తారు.

కొత్తగా_వచ్చా
అంటే మన నోటా లాగా?

లెక్కల_మాస్టారు
నోటా కన్నా ప్రమాదం. మన దగ్గర నోటాకి ఎన్ని పడ్డా మిగిలినవాళ్ళలో ఎక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. ఇక్కడ గెలవడానికి మొత్తం బ్యాలెట్లలో 75 శాతం కావాలి, ఖాళీవి కూడా ఆ మొత్తంలో కలుస్తాయి. అంటే ఖాళీ బ్యాలెట్ పంపినవాడు బ్యాలెట్ మీదున్న ప్రతి ఒక్కడికీ వ్యతిరేకంగా వేసినట్టు. అసలు పంపకుండా ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు.

2021 చూడండి. 401 బ్యాలెట్లు, అందులో 14 ఖాళీ, అది రికార్డు. ఆ ఏడాది ఒక్కరూ ఎన్నిక కాలేదు. కర్ట్ షిల్లింగ్‌కి 285 వచ్చాయి, కావాల్సినవి 301. ఆ 14 తీసేసి లెక్కేస్తే 387లో 291 కావాలి. అప్పుడూ ఆరు తక్కువే. కాబట్టి అతన్ని ఖాళీ బ్యాలెట్లు ఆపలేదు, అతని నోరు ఆపింది.

ఒహాయో_రాజు
షిల్లింగ్ ఆ కోపంతో "నన్ను బ్యాలెట్ నుంచి తీసెయ్యండి" అని లెటర్ రాశాడు. వాళ్ళు తియ్యలేదు. మరుసటి ఏడు 71 నుంచి 58కి పడిపోయాడు. అలిగితే అంతే.

సరే, మా ఊరి గోడు వినండి. ఉద్యోగం సిన్సినాటి దగ్గర. ఇక్కడ పీట్ రోజ్ అంటే దేవుడు. 4,256 హిట్లు, ఇప్పటికీ ఎవరూ దాటలేదు. మేనేజర్‌గా ఉంటూ సొంత టీమ్ మ్యాచ్‌ల మీద పందేలు కాశాడని 1989లో జీవితకాల నిషేధం. నిషేధం ఉన్నవాడి పేరు బ్యాలెట్ మీదే పెట్టకూడదని 1991లో రూలు చేశారు. ఆయన 2024 సెప్టెంబర్‌లో పోయాడు. 2025 మేలో కమిషనర్ "చనిపోయినవాళ్ళకి నిషేధం వర్తించదు" అని తేల్చాడు. ఇప్పుడు 2027 డిసెంబర్‌లో కమిటీ ముందుకి రావొచ్చు. బతికుండగా ఇవ్వని గౌరవం పోయాక ఇస్తే ఎవరికి?

ఉప్పల్_స్టాండ్
రాజు గారూ, ఇది మాకు బాగా తెలిసిన కథ. మా అజహర్‌కి 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గర ఆట ఆగిపోయింది. 2012లో ఏపీ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు, ఇంకేం ఆడతాడు? ఇప్పటికీ మా కాలనీలో నలుగురు కూర్చుంటే ఇద్దరు ఆ మణికట్టు గురించి మాట్లాడతారు, ఇద్దరు ఆ కేసు గురించి.

ఒహాయో_రాజు
సేమ్ సార్. తేడా ఏంటంటే రోజ్ ముందు పదిహేనేళ్ళు కాయలేదన్నాడు, 2004లో తన పుస్తకం అమ్ముకోవడానికి కాశానన్నాడు.

అట్లాంటా_అక్క
రాజు గారూ, అభిమానం వేరు, పందెం వేరు. తన టీమ్ మీద తనే డబ్బు కాసిన మేనేజర్ ఏ రోజు ఏ పిచర్ని దింపుతాడో, డబ్బు పెట్టని రోజు ఎవరిని దాచుకుంటాడో ఎలా నమ్ముతాం? స్టెరాయిడ్స్ వాడినవాడు కనీసం గెలవాలనే చూశాడు. నాకు ఓటుంటే బాండ్స్‌కి వేస్తా, రోజ్‌కి వెయ్యను.

ఎడిసన్_శీను
నేను ఇద్దరికీ వెయ్యను.

ఒహాయో_రాజు
నేను ఇద్దరికీ.

బే_ఏరియా_బాబ్జీ
అక్కా మీరు బంగారం.

ఇప్పుడు అసలు మాట. ఓటింగ్ రూల్స్‌లో ఆటతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, వ్యక్తిత్వం చూడాలని రాసి ఉంది. మంచిదే. కానీ స్టెరాయిడ్స్ కాలమంతా కుర్చీలో కూర్చుని టికెట్ల డబ్బు లెక్కపెట్టుకున్న కమిషనర్ బడ్ సెలిగ్ 2017లో హాల్‌లో చేరాడు. స్టెరాయిడ్స్ వాడామని తర్వాత ఒప్పుకున్న మెక్‌గ్వైర్ని, కన్సెకోని ఆడించిన మేనేజర్ టోనీ లా రూసా 2014లో చేరాడు. నల్లజాతి ఆటగాణ్ణి తీసుకోవడంలో మేజర్ లీగ్స్‌లో అన్ని టీముల కన్నా ఆఖరున, 1959లో, కదిలిన టీమ్ రెడ్ సాక్స్. దాని యజమాని టామ్ యాకీకి 1980లో స్థానం ఇచ్చారు. వీళ్ళ దగ్గర వ్యక్తిత్వం గుర్తురాలేదు. బ్యాట్ పట్టినవాడి దగ్గరికి వచ్చేసరికి అందరూ హరిశ్చంద్రులే.

డేవిడ్ ఓర్టిజ్ సంగతి సరేసరి. 2003 మందు టెస్టుల్లో దొరికినవాళ్ళ లిస్టులో అతని పేరుందని 2009లో పేపర్లో వచ్చింది. 2022లో మొదటి ఏడాదే 77.9తో లోపలికి, బాండ్స్ బయటికి పోయిన అదే బ్యాలెట్ మీద. ఓర్టిజ్ నవ్వుతాడు, రైటర్లతో బాగా మాట్లాడతాడు. బాండ్స్ లాకర్ రూమ్‌లో వాళ్ళని కసిరేవాడు. తేడా అక్కడుందని నా గట్టి నమ్మకం.

హ్యూస్టన్_హరి
ఓర్టిజ్ విషయంలో ఒక్కటి. ఆ 2003 ఫలితాల్లో కొన్ని అనుమానాస్పదమైనవని, వాటిని బట్టి ఓర్టిజ్‌ని తప్పుపట్టకూడదని 2016లో కమిషనరే అన్నాడు. టెస్టులకి శిక్షలు మొదలయ్యాక ఓర్టిజ్ ఎప్పుడూ దొరకలేదు.

బే_ఏరియా_బాబ్జీ
బాండ్స్ మాత్రం దొరికాడా?

హ్యూస్టన్_హరి
ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు, లంచ్‌కి వెళ్తున్నా.

మోడరేటర్
ఇద్దరి మధ్య ఇదే వాదన పోయినేడు నాలుగు పేజీలు సాగింది. వేరే కోణం ఉంటేనే కొనసాగించండి.

ఎడిసన్_శీను
వేరే కోణం నేనిస్తా. మా పిల్లల్ని తీసుకుని హాల్ ఉన్న కూపర్స్‌టౌన్ వెళ్ళాను. సరస్సు పక్కన చిన్న ఊరు, ఆ ఊరిని చూస్తే ఇంత గొడవ ఇక్కడి గురించా అనిపిస్తుంది. కంచు ఫలకాలుండే హాలు వేరు, మ్యూజియం వేరు. ఫలకాల హాల్లో బాండ్స్ లేడు. మ్యూజియంలో మాత్రం అతని వస్తువులకి చోటుంది. పాత రికార్డు దాటిన 756వ హోమ్ రన్ బంతి వాళ్ళ దగ్గరే ఉంది, దాని మీద నక్షత్రం గుర్తు (*) చెక్కి ఉంటుంది, అంటే ఈ రికార్డు మీద అనుమానం ఉందని. ఒక ఫ్యాషన్ డిజైనర్ దాన్ని వేలంలో కొని, ఏం చెయ్యాలో జనాన్నే ఆన్‌లైన్‌లో ఓటెయ్యమని, ఆ గుర్తు కొట్టించి మరీ హాల్‌కి ఇచ్చాడు.

చరిత్ర దాచిపెట్టట్లేదు కదా? అందరికంటే ఎక్కువ కొట్టింది ఇతనే అని చూపిస్తున్నారు. ఫలకం అంటే సన్మానం. సన్మానం ఎవరికి చెయ్యాలో చేసేవాళ్ళ ఇష్టం. ఇందులో అన్యాయం నాకు కనపడదు.

సియాటిల్_చినుకు
శీను మొదటిసారి మూడు లైన్లు దాటి రాశాడు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

లెక్కల_మాస్టారు
నన్నడిగితే బాండ్స్, రోజ్ గొడవలో అసలు అన్యాయమైపోయినవాళ్ళు వేరే ఉన్నారు. కెన్నీ లాఫ్టన్, 622 స్టీల్స్, 2013లో 3.2 శాతంతో ఒక్క ఏడాదికే అవుట్. జొహాన్ సాంటానా, రెండు సై యంగ్ అవార్డులు, 2.4. లూ విటేకర్ 2.9. పదిమందికే వెయ్యాలన్న పరిమితి వల్ల బ్యాలెట్ కిక్కిరిసిన ఏళ్ళలో మంచివాళ్ళు అడుగున పడి నలిగిపోయారు. బాండ్స్, అతనిలాగే స్టెరాయిడ్స్ ఆరోపణలున్న పిచర్ రోజర్ క్లెమెన్స్ లాంటివాళ్ళు పదేళ్ళు దిగకుండా, ఎక్కకుండా కూర్చోవడం కూడా దానికి ఒక కారణం. 2014లో క్రెయిగ్ బిజియోకి రెండే రెండు ఓట్లు తక్కువయ్యాయి. "పదకొండో పేరు రాసే వీలుంటే బిజియోకి వేసేవాణ్ణి" అనుకున్నవాళ్ళు ఇద్దరైనా ఉండరా?

హెరాల్డ్ బెయిన్స్‌కి రైటర్లు ఎప్పుడూ 6.1 దాటి ఇవ్వలేదు. 2018 డిసెంబర్‌లో కమిటీ 16లో 12 ఓట్లతో తీసుకుంది. ఆయన మంచివాడే, మంచి బ్యాటరే. కానీ ఆయన ఉండి లాఫ్టన్ లేకపోవడం ఏ లెక్కకీ అందదు.

ఉప్పల్_స్టాండ్
మా లక్ష్మణ్ ఒక్క వన్డే వరల్డ్ కప్ కూడా ఆడలేదు, అది ఏ లెక్కకి అందింది?

లెక్కల_మాస్టారు
సార్, ఆ గాయం కెలకొద్దు.

బే_ఏరియా_బాబ్జీ
వచ్చే బ్యాలెట్ మీద మా బస్టర్ పోజీ మొదటిసారి వస్తున్నాడు. క్యాచర్, 2012 ఎంవీపీ, మూడు వరల్డ్ సిరీస్‌లు. సరిగ్గా 1,500 హిట్లు, 158 హోమ్ రన్లే, పన్నెండు సీజన్లే. మాస్టారూ, మీ లెక్క ఏమంటోంది?

లెక్కల_మాస్టారు
కెరీర్ మొత్తం చూస్తే తక్కువ, ఉచ్చదశ చూస్తే సరిపోతుంది. క్యాచర్ల మోకాళ్ళు అంతకాలమే ఉంటాయి. జో మావర్‌కి 2024లో మొదటి ఏడాదే 76.1 ఇచ్చారు, అతను ఆఖరి ఐదేళ్ళు క్యాచింగ్ దాదాపు చెయ్యనే లేదు. నేను వేస్తా.

ఎడిసన్_శీను
1,500 హిట్లకి హాల్ ఆఫ్ ఫేమా? జీటర్ 3,465 కొట్టాడు.

సియాటిల్_చినుకు
జీటర్ ఒక్కసారైనా క్యాచర్‌లా తొమ్మిది ఇన్నింగ్స్ గొంతుక్కూర్చున్నాడా శీనూ?

ఎడిసన్_శీను
పోజీ కోసం వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ చూసుకుందాం.

అట్లాంటా_అక్క
జులై 26న కూపర్స్‌టౌన్‌లో వేడుక. మేం ఆండ్రూ కోసం వెళ్తున్నాం. ఊళ్ళో గదులు దొరకట్లేదు, శీను గారు మీరెక్కడ ఉన్నారు అప్పుడు?

ఎడిసన్_శీను
ఒనియోంటాలో చూడండక్కా, అరగంట డ్రైవ్. గడ్డి మీద కూర్చుని చూడ్డానికి టికెట్ అక్కర్లేదు, మడత కుర్చీలు పట్టుకెళ్ళండి. పొద్దున్నే వెళ్ళి చోటు పట్టుకోవాలి.

హ్యూస్టన్_హరి
లంచ్ అయింది. మేమూ వస్తున్నాం, బెల్ట్రాన్ కోసం. చెత్తడబ్బా జోకులు వెయ్యనంటే పులిహోర నేను తెస్తా.

బే_ఏరియా_బాబ్జీ
అక్కడ కెంట్ స్పీచ్ ఉంటుంది కదా. బాండ్స్ పేరు ఎత్తుతాడో లేదో ఎవరైనా నోట్ చేసుకుని రండి.